నింద వానది, తప్పు అతుకుది

1944 చివర్లో మన వానకాలం మీద ఒక నేరం మోపారు. గాల్లో ఎగురుతుండగానే రెక్క విరిగి కొన్ని యుద్ధవిమానాలు కూలిపోయాయి. ఇంగ్లండు విమాన కంపెనీ నుంచి ఒక బృందం వచ్చి విచారణ చేసి, డిసెంబరు మొదట్లో నివేదిక ఇచ్చింది. తప్పు విమానానిది కాదు, చాలావరకు ఇండియా వాతావరణానిదేనని తేల్చింది. ఆ మాట లండన్‌లోని వైమానిక మంత్రిత్వ శాఖకు నచ్చింది. ఎనభై ఏళ్లు గడిచినా, ఇండియా వానలకు జిగురు ఊడి విమానాలు కూలాయన్న కథ ఇంకా తిరుగుతూనే ఉంది.

ఆ విమానం పేరు మస్కిటో. చెక్కతో చేసిన విమానం. చెక్క, జిగురు, వాన, ఈ మూడింటి మధ్య తగువు తీర్చాలంటే సగం జవాబు కరీంనగర్ ప్రాంతంలోని ఎల్లంతకుంటలో దర్వాజలు, తలుపులు చేసే వడ్లాయన దగ్గరే దొరుకుతుంది. అందుకే ముందు ఆయన పనితనం దగ్గరికే పోదాం.

నాలుగు రోజులు ముసురు పట్టిందంటే సిరిసిల్ల, కోరుట్ల చుట్టుపక్కల పాత ఇండ్లల్లో తలుపు రెక్కలు దర్వాజలో ఇరుక్కుంటాయి. భుజం పెట్టి నెడితే గాని రావు. ఏప్రిల్ ఎండలకు అదే తలుపు వదులై, సందులోంచి వెలుతురు గీతలా లోపలికి పడుతుంది. చెట్టును కొట్టి ఎన్నేళ్లయినా కర్ర నీటితో సంబంధం తెంచుకోదు. దాని కణాల గోడలు గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతాయి, పొడిగాలికి ఆ తేమను వదిలేసి ముడుచుకుంటాయి. అయితే అన్ని వైపులా ఒకేలా కాదు. పచ్చికర్ర పూర్తిగా ఎండేసరికి నార పొడవునా తగ్గేది నూటికి అర వంతు కూడా ఉండదు. నారకు అడ్డంగా మాత్రం చాలా కర్రలు నూటికి ఆరు, ఎనిమిది వంతుల దాకా తగ్గుతాయి.

చిక్కంతా ఈ తేడాలోనే ఉంది. నిలువు నార ఉన్న ముక్క మీద అడ్డం నార ఉన్న ముక్కను అతికించారనుకోండి. తేమ మారిన ప్రతిసారీ ఒకటి కదలాలని చూస్తుంది, రెండోది కదలనివ్వదు. మధ్యలో నలిగేది జిగురు పొర. అందుకే మంచి మేస్త్రి తలుపు పలకను చట్రానికి జిగురుతో బిగించడు. గాడిలో కూర్చోబెట్టి చుట్టూ కాస్త సందు వదులుతాడు. కర్రకు ఊపిరాడనివ్వాలన్నది ఆయన లెక్క.

ఈ చిక్కుకు ప్లైవుడ్ ఒక మందు. కర్రను పలచటి పొరలుగా ఒలిచి, ఒక పొర నార నిలువుగా, దాని మీది పొర నార అడ్డంగా పేర్చి అతికిస్తారు. అడ్డంగా ఉబ్బబోయే పొరను పక్క పొర నిలువు నారతో పట్టి ఆపుతుంది. పలక మొత్తంగా పెద్దగా కదలదు. అయితే ఆ పొరలన్నీ జిగురును నమ్ముకునే బతకాలి.

యుద్ధకాలంలో ఇంగ్లండులో అల్యూమినియానికి కొరత ఉంది గాని, కుర్చీలు, బల్లలు చేసే వడ్రంగులకు కొరత లేదు. జెఫ్రీ డి హావిలాండ్ కంపెనీ ఆ సంగతి కనిపెట్టింది. చెక్కతో, ఆయుధాల బరువు తగ్గించుకుని, శత్రువుకు అందనంత వేగంగా పరుగెత్తే విమానం చేస్తామంది. మొదట్లో ఎవరూ నమ్మలేదు. 1940 నవంబరు 25న తొలి మస్కిటో ఎగిరింది. నడిపింది జెఫ్రీ కొడుకే, అతని పేరూ జెఫ్రీయే. రెండు రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజన్లు, లోపల ఇద్దరే మనుషులు, గంటకు 600 కిలోమీటర్లు దాటిన వేగం. అప్పట్లో లోహపు విమానాలెన్నో దాని వెనకపడ్డాయి. మొత్తం 7,781 మస్కిటోలు తయారయ్యాయి. హై వికమ్ లాంటి ఊళ్లలో నిన్నటిదాకా బీరువాలు చేసిన చేతులు విమానం భాగాలు చేశాయి. ఆ పనితనం చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఈ వ్యాసంలో ఆ కంపెనీని తప్పు పట్టబోతున్నాను కాబట్టి ఈ మాట ముందే చెప్పాలి.

చిన్నప్పుడు జొన్న బెండ్లతో ఎడ్లబండి కట్టి ఆడుకున్నవాళ్లకు మస్కిటో దేహం ఎలా కట్టారో ఇట్టే అర్థమవుతుంది. జొన్న దంటుకు పైన గట్టి పెచ్చు, లోపల మెత్తటి బెండు ఉంటాయి. బెండు ఒక్కటే అయితే చిటుక్కున విరుగుతుంది. పెచ్చు ఒక్కటే అయితే నొక్కుకుపోయి వంగుతుంది. రెండూ కలిస్తే మనిషిని మించిన ఎత్తున కంకిని మోస్తూ గాలికి ఆగుతాయి. మస్కిటోలో పెచ్చు బర్చ్ ప్లైవుడ్, బెండు దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన బాల్సా కర్ర. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి చెక్కలాగే బాల్సా కూడా చేతిలో పట్టుకుంటే బరువే తెలియదు. దేహాన్ని నిలువునా రెండు చిప్పలుగా అచ్చుల మీద పోసినట్టు చేసి, లోపలి తీగలూ గొట్టాలూ అమర్చాక రెండు చిప్పలనూ కలిపి అతికించేవారు.

రెక్క కట్టుబడి వేరు. ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 16.5 మీటర్లు, అంతా ఒక్కటే. మన పెంకుటింటి కప్పులాగే లోపల ముందొకటి, వెనకొకటి దూలాలు. వాటిని కలుపుతూ వాసాల్లాంటి అడ్డకర్రలు. పైనా కిందా ప్లైవుడ్ తొడుగు. పైభాగం మీద ఒత్తిడి ఎక్కువ కాబట్టి అక్కడ రెండు పొరలు వేసి, మధ్యలో కర్ర పట్టీలు పెట్టారు. మరలు ఉన్నా, తొడుగును దూలానికి అంటిపెట్టుకుని బరువు మోసేది జిగురే.

ఆ జిగురు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన మేస్త్రులు ఒకప్పుడు ఎముకలూ తోళ్లూ ఉడికించి తీసిన సరేసు వాడేవారు. కొండపల్లి బొమ్మల వాళ్లు చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తారు. మస్కిటో కాలానికి ఫెవికాల్ లేదు, అది వచ్చింది 1959లో. మొదటి మస్కిటోలకు వాడిన జిగురు కేసీన్. పాలు విరిగినప్పుడు ముద్దగా తేలే ప్రొటీన్ ఇదే. దానికి సున్నం కలిపితే గట్టిగా పట్టుకుంటుంది. కానీ ఎంతైనా అది తిండి పదార్థం. తడి తగిలితే మెత్తబడుతుంది, బూజు తింటుంది. ఉష్ణదేశాలకు ఇది పనికిరాదని తెలిసి, యుద్ధం మధ్యలోనే కంపెనీ యూరియా-ఫార్మాల్డిహైడ్ జిగురుకు మారింది. 1937లో నార్మన్ డి బ్రూయిన్ అనే శాస్త్రవేత్త కేంబ్రిడ్జి దగ్గరి డక్స్‌ఫర్డ్‌లో ఏరోలైట్ పేరుతో తయారుచేసిన రకం ఇది. ఒక ముక్కకు జిగురు, రెండో ముక్కకు ఆమ్లం పూసి నొక్కితే రెండూ కలిసి రాయిలా గట్టిపడతాయి. బూజు దాని జోలికి రాదు.

కానీ దానికీ ఒక బలహీనత ఉంది. గట్టిపడేటప్పుడు నీటిని వదిలి కొంచెం కుంచించుకుపోతుంది. రెండు చెక్కలూ ఒకదానికొకటి సరిగ్గా ఆని, మధ్యలో కాగితమంత పొర ఉంటే ఏ ఇబ్బందీ లేదు. చెక్కలు సరిగ్గా ఆనక సందు మిగిలి, ఆ సందును జిగురుతోనే నింపితే మాత్రం ఆ మందపు పొర లోలోపల సన్నగా నెర్రెలు బారుతుంది. ఎండిన చెరువులో ఒండ్రు నెర్రెలిచ్చినట్టే. పైనుంచి చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది. జిగురు ఎక్కువ పోస్తే బలం రాదని మన మేస్త్రులు శిష్యులను మందలించే మాట వెనక ఉన్న శాస్త్రం ఇదే.

ఇప్పుడు హైదరాబాద్ సంగతి. బ్రిటిష్ వాయుసేనలో 110వ స్క్వాడ్రన్‌కు అధికారికంగా హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, ఆ దళానికి మొదటి విమానాలను నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బహూకరించాడు. అవి డి.హెచ్.9ఎ రకం విమానాలు. ఆ డి.హెచ్. అక్షరాలు జెఫ్రీ డి హావిలాండ్ పేరులోవే. ఆనాడు ఎల్లంతకుంట, జగిత్యాల, సిరిసిల్ల అన్నీ నిజాం రాజ్యంలోని కరీంనగర్ జిల్లా పల్లెలూ పట్నాలే. ఆ రాజ్యం ఖజానాకు పల్లెల శిస్తు పెద్ద ఆదాయం. ఆ కానుక విమానాల్లో ఒకటి లండన్‌లోని వాయుసేన మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ దళం చేసిన పని చిన్నది కాదు. 1939 సెప్టెంబరు 4న, యుద్ధం ప్రకటించిన మర్నాడే, జర్మన్ యుద్ధనౌకల మీద బ్రిటన్ జరిపిన తొలి బాంబుదాడిలో ముందు నడిచింది 110వ దళం విమానాలే. 1942లో ఇండియాకు వచ్చి, వెంజెన్స్ అనే డైవ్ బాంబర్లతో బర్మా సరిహద్దులో పోరాడింది. 1944 చివర్లో ఆ పాత విమానాలను పక్కనపెట్టి మస్కిటోలకు మారే వంతు వచ్చింది. ఇండియాలో మస్కిటో శిక్షణ బెంగళూరు పక్కన యెలహంకలో మొదలై, తర్వాత తెలుగు మాట విరివిగా వినిపించే కోలారుకు మారింది. సరిగ్గా అప్పుడే ప్రమాదాలు మొదలయ్యాయి.

కూలిన తీరు దాదాపు ఒక్కటే. విమానం ఏటవాలుగా కిందికి దూకి, మళ్లీ పైకి లేవబోతుండగా రెక్క విరిగింది. ఎందుకో చూద్దాం. బావిలోంచి నిండు బొక్కెనను నెమ్మదిగా చేదితే తాడు మీద పడేది బొక్కెన బరువు ఒక్కటే. జారుతున్న బొక్కెనను ఒక్క గుంజుతో ఆపి పైకి లాగితే తాడు మీద దానికి రెండు మూడింతలు పడుతుంది. దూకుతున్న విమానాన్ని పైకి మళ్లించడమూ అంతే. బరువెక్కిన మస్కిటో సుమారు 9 టన్నులు. నాలుగింతల గుంజు పడితే రెక్కలు మోయాల్సింది 36 టన్నులు. ఆ క్షణంలో రెక్క పైకి వంగుతుంది. దాని పైతొడుగు నొక్కుకుపోతుంది, కింది తొడుగు సాగుతుంది. అది చాలదన్నట్టు, రెక్క మీదుగా దూసుకుపోయే గాలి పైతొడుగును పైకి పీలుస్తుంది. దాన్ని దూలానికి పట్టి ఉంచాల్సింది ప్రధానంగా జిగురే.

అట్టపెట్టె మూత అతికించి ఉన్నంతసేపు ఎటు మెలిపెట్టినా బిగుసుకుని ఉంటుంది. మూత ఒక అంచున ఊడిందా, అదే పెట్టె చేతిలో మెలికలు తిరుగుతుంది. రెక్క కూడా ఒక పెట్టే. పైతొడుగు దూలం నుంచి జానెడు పొడవున లేచినా చాలు, పెట్టె పెట్టెగా ఉండదు. మిగతా అతుకు మీద బరువు పెరుగుతుంది, అదీ లేస్తుంది. చినిగిన గుడ్డ అంచు పట్టి లాగితే సర్రున చీలినట్టు ఊడిపోతుంది. లోపల ఉన్న ఇద్దరికీ ఏమైందో తెలిసేలోపే అంతా అయిపోతుంది.

నవంబరులో మస్కిటోలను నేలకు దించేశారు. 47వ దళం అప్పుడే అందుకున్న మస్కిటోలను వదిలి పాత బ్యూఫైటర్ విమానాలకు మళ్లింది. హైదరాబాద్ దళం కొత్త విమానాలతో యుద్ధంలోకి దిగేసరికి 1945 వచ్చింది. యుద్ధం నడుస్తుండగా ఇన్ని దళాలు ఆగిపోవడం మామూలు సంగతి కాదు. అందుకే విచారణకు హుటాహుటిన ఒకరిని పంపారు.

పంపింది మేజర్ హెరివార్డ్ డి హావిలాండ్‌ను. ఆయన జెఫ్రీ డి హావిలాండ్‌కు స్వయానా తమ్ముడు. ఆ విమానం గురించి తెలిసినవాడే, సందేహం లేదు. కానీ అన్న చేసిన వస్తువు విరిగితే తమ్ముణ్ణి తీర్పు చెప్పమనడం ఏ ఊరి పంచాయితీలోనూ ఒప్పరు. జిగురు చెడిపోలేదు, వానకాలంలో విమానం చట్రం ముడుచుకుపోవడం వల్ల ప్రమాదాలు జరిగాయని ఆయన బృందం చెప్పింది. ఈ మాట మన వడ్లాయన వింటే మొదట తల గోక్కుంటాడు. వానకు కర్ర ఉబ్బుతుంది గాని ముడుచుకోదు కదా! వాన వెలిసి ఎండలు కాసినప్పుడు ముడుచుకుంటుందని ఆ వాక్యాన్ని మనమే సర్దుకోవాలి. సర్దుకున్నా ప్రశ్న మిగిలే ఉంటుంది. కర్ర కదులుతుందని కర్రతో విమానం చేసేవాడికి ముందే తెలియాలి కదా. 1943లోనే కొన్ని మస్కిటోలను ఇక్కడి వాతావరణంలో పరీక్షించడానికి 27వ దళానికి పంపారు. అంటే ఆ భయం ముందునుంచీ ఉన్నదే.

తర్వాత జరిగిన మరో విచారణ తయారీ లోపమే కారణమని తేల్చింది. ఆ తర్వాత విమానోత్పత్తి మంత్రిత్వ శాఖ నిపుణులు ఇంగ్లండులోని డెఫర్డ్‌లో మస్కిటోలను పరీక్షించారు. డి హావిలాండ్‌కే చెందిన హాట్‌ఫీల్డ్, లీవ్స్‌డెన్ కర్మాగారాల్లో తయారైన ఆరు రకాల మస్కిటోల్లో ఇలాంటి లోపాలే బయటపడ్డాయి. జిగురు పని ఉండాల్సిన తీరులో లేదు. నన్ను అన్నిటికన్నా కదిలించింది ఇంకొకటి. ఆ విమానాలు వానకాలం ముఖమే చూడలేదు. చెద పట్టే దేశంలో అడుగే పెట్టలేదు. ఇంగ్లండు చలిలో నిలబడి ఉన్నా అవే అతుకులు, అవే లోపాలు. మస్కిటోలు అదుపు తప్పి కూలిన ప్రమాదాలు మిగతా ఏ రకం విమానంతో పోల్చినా మూడు రెట్లున్నాయని అప్పటి లెక్కలు చూపించాయి.

అయినా వైమానిక మంత్రిత్వ శాఖ మొదటి నివేదికనే పట్టుకుని కూర్చుంది. యుద్ధం మధ్యలో పైలట్లకు విమానం మీద నమ్మకం పోతే ఎలా అన్నది వాళ్ల భయం. ఆ భయాన్ని నేను అర్థం చేసుకోగలను. కానీ విరిగిన రెక్కల కింద పోయినవాళ్లకు దక్కాల్సింది నిజం.

తేమకు ఇందులో ఏ పాత్రా లేదని నేననడం లేదు. వేడీ తడీ కలిస్తే యూరియా జిగురును నీరు మెల్లగా విడగొడుతుంది. రసాయన శాస్త్రం చెప్పే మాటే ఇది. పగలు మండే ఎండలో, రాత్రి మంచులో ఆరుబయట నిలబడ్డ విమానం చెక్క రోజూ ఉబ్బుతూ ముడుచుకుంటూ ఉంటుంది. సరిగ్గా ఆనిన పలచటి అతుకు ఆ కదలికను ఓర్చుకుంటుంది. నెర్రెలు బారిన మందపు అతుకు ఓర్చుకోదు. వాన వచ్చి ఆ బలహీనతను బయటపెట్టింది. పిల్లర్‌లో సిమెంటు తక్కువ కలిపి, కూలినాక గాలివాన వచ్చిందనడం లాంటిదే ఇది.

మరమ్మతు ఏం చేశారో చూసినా అసలు రోగం ఎక్కడుందో తెలుస్తుంది. రెక్క పొడవునా తొడుగు అతుకు మీద ఒక ప్లైవుడ్ పట్టీ వేసి నీరు లోపలికి దిగకుండా మూసేశారు. ఎండను తిప్పికొట్టడానికి తూర్పు దేశాల మస్కిటోలకు వెండిరంగు పూశారు. వాతావరణాన్ని ఎవరూ మార్చలేదు, మార్చలేరు కూడా. సరిచేసింది అతుకునే. ఆ తర్వాత మస్కిటోలు మళ్లీ ఎగిరాయి. 1945 ఆగస్టు 20న బర్మాలో, జపాన్ లొంగిపోయాక కూడా ఆయుధం దించని సైనికుల మీద, బ్రిటిష్ వాయుసేన ఆ యుద్ధంలో తన చివరి దాడి చేసింది. ఆ మస్కిటోలు 110వ హైదరాబాద్ దళానివే. యుద్ధంలో బ్రిటన్ తొలి బాంబుదాడికీ చివరి దాడికీ ఆ దళం పేరే ఉంది.

తప్పంతా వానది కాదనడానికి మన ఆకాశంలోనే ఇంకో సాక్ష్యం ఉంది. 1948లో భారత వాయుసేనకు వచ్చిన తొలి జెట్ విమానం వాంపైర్. అదీ డి హావిలాండ్‌దే. రెక్కలు లోహం, కానీ పైలట్ కూర్చునే ముందుభాగం మస్కిటోలాగే ప్లైవుడ్, బాల్సా కలిపి అతికించినది. బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారం దాన్ని లైసెన్సు మీద తయారుచేసింది. హైదరాబాద్ పక్కన హకీంపేటలో మన కుర్ర పైలట్లు ఆ వాంపైర్ల మీదే జెట్ విమానం నడపడం నేర్చుకున్నారు. అదే చెక్క, అదే వాన. ఏళ్ల తరబడి ఎగిరాయి.

జిగురు కథ అక్కడితో ఆగలేదు. డి బ్రూయిన్ బృందం యుద్ధకాలంలోనే లోహాన్ని లోహానికి అతికించే రెడక్స్ అనే జిగురును తయారుచేసింది. డి హావిలాండ్ కామెట్ జెట్‌లో దాన్ని వాడారు. 1953 మే 2న కలకత్తా నుంచి లేచిన ఒక కామెట్ గాలివానలో చిక్కి ముక్కలై, 43 మంది చనిపోయారు. అప్పుడూ గాలివాన పేరే వచ్చింది, అక్కడ నిజంగానే గాలివాన ఉంది. 1954లో వాన లేని ఆకాశంలో మరో రెండు కామెట్లు కూలాయి. అప్పుడు ఫార్న్‌బరోలో ఒక కామెట్‌ను నీళ్ల తొట్టిలో ముంచి, లోపలి ఒత్తిడిని పదేపదే పెంచుతూ తగ్గిస్తూ పరీక్షించారు. లోహం అలసిపోయి చీలుతోందని తేలింది. ఆ విచారణ కంపెనీ వాళ్ల చేతుల్లో లేదు, ఫలితాలను బహిరంగంగా చెప్పారు. విమాన ప్రయాణం ఈనాడు ఇంత భద్రంగా ఉండటానికి ఆ పద్ధతే పునాది.

మస్కిటో గురించి ఎక్కడైనా చదువుతుంటే, ఇండియా వానలకు జిగురు ఊడిపోయిందన్న వాక్యం మీకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. అప్పుడు పెన్సిల్ తీసుకుని దాని పక్కన ఇది రాసిపెట్టండి: డెఫర్డ్‌లో పరీక్షించిన మస్కిటోలు ఆరు రకాలు, అన్నిటిలోనూ అవే లోపాలు, వాటిలో ఒక్కటీ మన వానలో తడవలేదు.